తెరమీది ఊపిరి

ఆపరేషన్‌కు ముందే ఊపిరితిత్తులకు స్కాన్ తీసి, తర్వాత ఎవరికి ఆయాసం వస్తుందో చెప్పేస్తుంది కొత్తగా చేరిన మత్తు డాక్టరమ్మ. చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. అందరూ ఆమెనే పిలుస్తుంటే, తల నెరిసిన పెద్ద డాక్టరుకు కడుపు రగిలిపోతోంది.

"ఇవాళ ఆపరేషనైన ఆ మూల మంచం తాతగారు జాగ్రత్త సార్. తెల్లారేలోగా ఊపిరి అందకపోవచ్చు" అని చెప్పి సాయంత్రం ఇంటికెళ్లిపోయింది.

"చూద్దాంలేమ్మా నీ జోస్యం!" అన్నాడాయన.

రాత్రి వచ్చి చూస్తే తాతగారు హాయిగా నిద్రపోతున్నాడు. డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లకొచ్చిన విద్య తనకు రాదా? మంచం పక్కనే కూర్చుని, చొక్కా గుండీలు విప్పి, చల్లటి జెల్లు రాసి, అక్కడున్న స్కాన్ మిషన్ ప్రోబ్ తీసి తన ఛాతీకే ఆనించుకున్నాడు. మిషన్ తెరమీద తెల్లటి గీత, తన ఊపిరికి తగ్గట్టు అటూ ఇటూ జారుతోంది. ఓస్, ఇంతేనా! సరదాకి ఊపిరి బిగబట్టాడు.

గీత ఆగలేదు.

చెవులు రిక్కించాడు. వార్డంతా నిశ్శబ్దం. తాతగారి ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. గీత సరిగ్గా దానికి తగ్గట్టే కదులుతోంది.

ఇంతలో ఆ ఊపిరి తడబడింది. తన గీత కూడా.

ఆమె మాట తప్పాలని సాయంత్రం నుంచీ కోరుకుంటూనే ఉన్నాడు డాక్టరు. కానీ ఇంత గట్టిగా కోరుకోవడం ఇప్పుడే.