దోసెడు జొన్నలు

కాలు విరిగి పొలానికి పోలేని రాములవ్వ, పోచారం కాలువ కింద నాట్లకు పోయే తల్లుల పిల్లలను తన ఇంట్లో చూస్తానంది. పిల్లకు రోజుకు దోసెడు జొన్నలని ధర చెప్పింది. ఇక ఆ జొన్నలే ఆమెకు కూడు.

తొలిరోజు పొద్దున్నే దొర గడీ నుంచి, ఊళ్లో వాళ్లను దొర పనులకు పిలిచే సుంకరి వచ్చాడు.

"ధర చెప్పినవంటే అది నీ వృత్తి అయినట్టే. వృత్తి ఉన్నోళ్లు గడీల కూలి లేకుండ వెట్టి చెయ్యాలె. రేపట్నుంచి రా."

నాట్లకు పోతూ బిడ్డను దించుతున్న భూదవ్వ, తను తెచ్చిన జొన్నల మూటను కొంగు చాటుకు లాగింది.

"ధర ఎక్కడిదన్నా? మా అక్క ఊరికెనే చూస్తది."

సుంకరి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రాములవ్వ ఊపిరి పీల్చుకుని మూట కోసం చెయ్యి చాపింది.

"ఇప్పుడెట్ల ఇయ్యాలె అక్కా? ఊరికెనే అని చెప్తి గద," అంటూ భూదవ్వ మూట నడుముకు కట్టుకుంది. "పగటీలి ఆకలైతే పిల్లకింత జొన్న గట్క కాచి పెట్టు."