గడ్డం దించు

"పళ్ళు కనిపించకుండా నవ్వు. గడ్డం దించు," అన్నాడు కాబోయే పెళ్ళికొడుకు పక్కనున్న పెళ్ళికూతురితో, ఫోటోగ్రాఫరమ్మ నోరు విప్పేలోపే.

పెళ్ళి ఫోటోలకి సలహా కావాలని స్టూడియోకి వచ్చి, వచ్చినప్పటి నుంచీ సలహాలన్నీ తనే పారేస్తున్నాడు మహానుభావుడు. ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది.

తీసిన ట్రయల్ ఫోటోలు తెరమీద వేసింది. అన్నింట్లోనూ అమ్మాయి ముఖం చేదుమందు మింగినట్టుంది. ఒక్కదాంట్లో మాత్రం పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు మూసుకుపోయేలా నవ్వుతోంది.

"ఛీ, అది తీసెయ్యండి. అయినా అందులో నేనెక్కడున్నాను?"

"మీరప్పుడు ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్ళారు బాబూ."

అమ్మాయి ఆ ఫోటోనే చాలాసేపు చూసింది.

"పెళ్ళిలో కూడా నేనిలా నవ్వాలంటే ఏం చెయ్యాలక్కా?"

"నన్నడుగు, నేను చెప్తా," అన్నాడతను.

"అక్కనడిగాను," అంది అమ్మాయి, గడ్డం దించకుండా.