మోటారు ఎవరు వేశారు?

"మోటారు ఎవరు వేశారు?"

హర్జొనో వేసిన కేకకి, సోయా గింజల టెంపే వేపుడు తుంచుతున్న అత్తగారి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పెరట్లో స్టాండు మీది ట్యాంకు నిండి నీళ్లు ధారగా కిందికి పడుతున్నాయి. తీగ మీద ఆరేసిన బట్టలన్నీ మళ్లీ తడిసి ముద్దయ్యాయి.

"నేను పొయ్యి దగ్గరున్నా. మీరిక్కడున్నారు. అమ్మ అన్నం తింటోంది," అంది భార్య వినార్తి. "ఆ పెట్టెనే అడగండి, ఎవరు వేశారో."

ఆ పెట్టె మీద ఈగ వాలినా హర్జొనో ఊరుకోడు. క్లాటెన్‌లోని ఒక సాంకేతిక పాఠశాలలో అతను ఎలక్ట్రానిక్స్ మాస్టారు. మైక్రోకంట్రోలర్ కొని, దానికో రిలే తగిలించి, రెంటినీ ఆ పెట్టెలో బిగించి, నీళ్ల మోటారుకి కలిపాడు. ఫోన్లో మీట నొక్కితే రిలే టక్కుమంటుంది, మోటారు తిరుగుతుంది. బడిలో ఉండి ఇంట్లో ట్యాంకు నింపాడు. పెళ్లి విందులో కూర్చుని నింపాడు. దారిన పోయే వాళ్లని ఆపి మరీ నింపి చూపించాడు. వాళ్లేమో మొహమాటానికి ఆహా అన్నారు. ఇతను నిజమే అనుకున్నాడు.

సోమవారం నుంచి దానికి పిచ్చెక్కింది. సాయంత్రమైతే చాలు, అడక్కుండానే తిరిగేది, అడక్కుండానే ఆగేది. బుధవారం అతను ఎన్నిసార్లు వేసినా వెంటనే ఆగిపోయి, ట్యాంకు ఎండిపోయింది. అత్తగారు ఒళ్లంతా సబ్బుతో స్నానాల గదిలో నిలబడిపోయింది. ఈ రోజు గురువారం. ఈ రోజైతే మరీ అన్యాయం, రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"పీకి పారెయ్యండి. పాత స్విచ్చికేం, బంగారంలా ఉండేది," అంది వినార్తి.

"పెట్టెలో తప్పు లేదు! పగలంతా బుద్ధిగానే ఉంటోంది. దీనికి చేతులున్నాయా, కాళ్లున్నాయా? ఫోన్ నుంచి హుకుం అందితేనే కదులుతుంది. ఆ ప్రోగ్రాం ఉన్నవి రెండే ఫోన్లు. ఒకటి నాది, ఇదిగో నా జేబులో ఉంది. రెండోది..."

అతని చూపు అత్తగారి పళ్లెం మీద పడింది. పళ్లెం పక్కన చెంబుకి ఆనించి వినార్తి ఫోన్ ఉంది. అందులో సీరియల్ నడుస్తోంది.

"రోజూ సాయంత్రం ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉంటోంది?"

"నేను సీరియల్ చూసుకుంటున్నా నాయనా. ఇంకేదీ ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదట! మొదటి రోజే అన్నారుగా, ఈ మాయదారి పెట్టె నాకు నచ్చలేదని!"

ఫోన్ లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే బయట రిలే టక్కుమంది. మోటారు ఆగిపోయింది.

"చూశావా వినా! నా చేతికి రాగానే ఆగింది! ఇంకేం సాక్ష్యం కావాలి నీకు?"

ముసలావిడ మొహం కందగడ్డ అయింది.

"మా గునుంగ్‌కిదుల్‌లో ఎండలొస్తే నీళ్ల బండి కోసం రోడ్డు మీద బిందెలు పెట్టుకుని పడిగాపులు పడ్డా. బియ్యం కడిగిన నీళ్లు దాచి మేకకి పోశా. నేను నీళ్లు పారబోస్తానా? నోరెలా వచ్చింది నీకు?"

"తెలిసి చేశారో తెలియక చేశారో, చేశానని ఒప్పుకోండి. వదిలేస్తా."

"చెయ్యని పని ఒప్పుకోను."

"అయితే నా ఇంట్లో ఉండొద్దు!"

ఆ మాట ఎక్కువైందని అతనికే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే పెట్టెలో తప్పుందని ఒప్పుకున్నట్టేనని భయం. అంత చదువూ చదివి, మనిషి మాట కంటే ఇనప ముక్కనే ఎక్కువ నమ్మాడు.

అత్తగారు లేచింది. చిన్న గ్లాసుతో నీళ్లు ముంచుకుని, బొట్టు వృథా కాకుండా చెయ్యి కడుక్కుంది. లోపలికెళ్లి సంచీలో నడుముకి చుట్టుకునే బట్టలు రెండు, నమాజు గుడ్డ సర్దుకుంది. ఆ వెనకే వినార్తి కూడా తన సంచీ దించింది.

"నువ్వెక్కడికి?"

"మా అమ్మని దొంగని చేశారు. ఆవిడకి లేని ఇల్లు నాకెందుకు? మీరూ మీ పెట్టే కాపురం చేసుకోండి."

"పో! ఆవిడ చేత తప్పు ఒప్పించాకే మళ్లీ నా గడప తొక్కు!"

తెల్లవారాక మొదటి బస్సుకే తల్లీ కూతుళ్లు వెళ్లిపోయారు. అతను గదిలోంచి బయటికి రాలేదు. బస్సు హారన్ మోగినప్పుడు కూడా రాలేదు.

మండుతున్న మొహంతోనే బడికి చేరాడు. క్లాసులో అడుగు పెట్టగానే బల్ల మీద దబ్బున చరిచాడు.

"ఈ రోజు చూపించాల్సిన హోంవర్కు ఎంతమంది చేశారు? చెయ్యని వాళ్లు నోరు మూసుకుని బయటికి పొండి!"

ఒక్కరూ కదల్లేదు. ముందు బెంచీలోని అమ్మాయి మెరిసే కళ్లతో లేచి నిలబడింది.

"అందరం చేసేశాం సార్, సోమవారం మీరు బోర్డు మీద రాసిచ్చిన మీ ఇంటి మోటారు ప్రోగ్రాంనే, మీ పెట్టె అడ్రసుతో సహా ఒక్క అక్షరం కూడా మార్చకుండా మా ఫోన్లలోకి ఎక్కించుకుని, రోజూ సాయంత్రం క్లాసు క్లాసంతా ఆన్, ఆఫ్ నొక్కి నొక్కి చూసుకుంటున్నాం!"