తోడు రోగి

"నేను రాను సామీ. గుండె జబ్బని నెల్లూరికి పోయినోడు నడిచి తిరిగొచ్చింది నేను చూడలా," అన్నాడు కామాక్షయ్య.

కోవూరు డాక్టరు హెబ్రోనుకి ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే వరస. ఎదురుగా కూర్చున్న ఈ వరి రైతు గుండె ఏ నిమిషాన ఆగిపోతుందో తెలియదు. పెద్ద డాక్టరుకి చూపించుకోరా నాయనా అంటే మొండికేస్తాడు.

హెబ్రోను భార్య రెబెక్కమ్మ వచ్చి, రోజూ ఇచ్చే సోడా ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లింది.

"నొప్పి ఎట్టా ఉంటుందో ఇంకోసారి చెప్పు," అన్నాడు హెబ్రోను సోడా తాగుతూ.

అది మాత్రం కామాక్షయ్య పొల్లుపోకుండా చెప్పాడు. పొలం గట్టెక్కితే రొమ్ము మీద రోలు పెట్టినట్టుంటుందట. ఎడమ భుజంలోంచి చిటికెన వేలి దాకా లాగుతుందట. కాసేపు నిలబడితే పోతుందట. గ్యాసులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాడట.

"గుండెనొప్పిని గ్యాసనుకునేవాడి కంటే మూర్ఖుడు ఇంకోడుండడు," అన్నాడు హెబ్రోను.

"నిజమే సామీ," అని ఒప్పుకున్నాడు కామాక్షయ్య.

హెబ్రోను ఎల్.ఎం.పి. చదివినవాడు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇలా పుస్తకంలో అచ్చేసినట్టు నొప్పి చెప్పిన పేషెంటుని చూడలేదు. అలాంటివాణ్ణి చేజేతులా చావనివ్వడం ఆయన వల్ల కాదు.

అలాగని ఆయనకి స్పెషలిస్టులంటే పెద్ద గురేమీ లేదు. ఒళ్లంతా చూడటం చేతగానివాడే ఏదో ఒక ముక్క పట్టుకుని కూర్చుంటాడని ఆయన సిద్ధాంతం. నెల్లూరు స్పెషలిస్టులేమో ఆయన పంపిన రోగిని చూడగానే, "కోవూరు మిక్స్చరంతా తాగి, ఇంక పని చెయ్యదని తెలిశాక వచ్చినావా?" అని అడిగేవారు. ఈ విధంగా ఉభయులూ చెయ్యీ చెయ్యీ కలిపి జనాన్ని కాపాడుతున్నారు.

"పోనీ ఒక మాట సామీ," అన్నాడు కామాక్షయ్య. "అదేదో గుండెని గీతలుగా గీసే యంత్రం ఉండాదంటివే. ముందు మీరు ఆ బల్ల మీద పడుకోండి. మీకేం కాకపోతే నేనూ పడుకుంటా."

హెబ్రోనుకి ఉపాయం తట్టింది. ఆయనకి ఉపాయాలకేం కొదవ లేదు. మొహం వేలాడేసి, "ఎవరితోనూ అనబాక. నాకూ ఈమధ్య రొమ్ములో అట్టాగే ఉంటోంది. నేనే పోయి చూపించుకుంటా. తోడు రా," అన్నాడు.

కామాక్షయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు.

"మీకైతే వస్తా సామీ," అన్నాడు.

ఆ ఆదివారం డాక్టర్ల సంఘం మీటింగులో గుండె స్పెషలిస్టు రంగనాయకుల్ని హెబ్రోను పక్కకి పిలిచాడు. తను రోగిలా నటిస్తాననీ, పరీక్ష చేస్తున్నట్టు ఆయనా నటించాలనీ, ఆ తర్వాత అసలు రోగిని బల్లెక్కించాలనీ చెప్పాడు. రంగనాయకులు నవ్వుతాడేమో అనుకున్నాడు. ఆయన నవ్వలేదు.

"తప్పకుండా చేద్దాం. కానీ నటన సగంలో ఆపి లేచిపోకూడదు," అన్నాడు.

ఇంటికొచ్చి రెబెక్కమ్మకి చెబితే ఆవిడా నవ్వలేదు. ప్రార్థన చేసుకుంటానంది. తన తెలివి చూసి నవ్వేవాళ్లు ఒక్కరూ లేనందుకు హెబ్రోను కొంచెం నొచ్చుకున్నాడు.

బస్సులో పెన్న దాటి నెల్లూరు చేరారు. రంగనాయకులు క్లినిక్కు మేడ మీద. సగం మెట్లెక్కి హెబ్రోను ఆగాడు. గుండె జబ్బు మనిషిని వెంటబెట్టుకుని గబగబా ఎక్కితే ఎట్టా మరి.

"నిదానంగా రా," అన్నాడు వెనక్కి తిరిగి.

"మీరు నిదానం సామీ," అని కామాక్షయ్య ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

లోపల రంగనాయకులు నటనంటే నటన కాదు. హెబ్రోను చొక్కా విప్పించాడు. ముందూ వెనకా స్టెతస్కోపు పెట్టి విన్నాడు. చేతులకీ కాళ్లకీ వైర్లు తగిలించాడు. యంత్రం చప్పుడు చేస్తూ బారెడు కాగితం కక్కింది. ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చూశాడు.

ఇలాంటివాడు డాక్టరెందుకయ్యాడు, నాటకాల్లోకి పోవాల్సిందని హెబ్రోను అనుకున్నాడు. కామాక్షయ్య స్టూలు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. పిరికి మనిషి.

"ఇంక చాల్లెండి. వాణ్ణి చూడండి," అని హెబ్రోను మెల్లగా గొణిగాడు.

రంగనాయకులు కామాక్షయ్య రొమ్ము మీద, చొక్కా పైనే, స్టెతస్కోపు ఒక్క క్షణం ఆనించి తీసేశాడు. కాగితం మడిచి చేత పట్టుకుని, అతని వైపు చూసి తలూపాడు.

హెబ్రోనుకి కోపం నషాళానికంటింది. "ఏందండీ ఇది? మంచి పేషెంటుని నమ్మి తీసుకొస్తే చూసేది ఇట్టాగేనా? చొక్కా విప్పించలేదు, యంత్రం పెట్టలేదు. వాడి ప్రాణమంటే మీకు ఇంతేనా? అందుకే మీ స్పెషలిస్టుల దగ్గరికి ఎవర్నీ పంపబుద్ధి కాదు నాకు," అంటూ బల్ల మీదనుంచి లేవబోయాడు.

రంగనాయకులు ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్లీ పడుకోబెట్టాడు.

కామాక్షయ్య లేచి తలుపు తీసి, తర్వాతి బస్సులో వచ్చి బయట బెంచీ మీద పక్కబట్టల మూటతో కూర్చుని ఉన్న రెబెక్కమ్మతో, "అమ్మా, నువ్వు నేర్పిన గుండెనొప్పి నాకు ఈ పూటతో నయమైపోయింది గానీ, మన డాక్టరుగారిది మాత్రం నువ్వు భయపడినట్టే నిజమంట, లోపలికి రా," అన్నాడు.