ఊడిన ప్లగ్గు వైరు

"బంగారం తీస్కోరా రాజలింగం!" దసరా సాయంత్రం దోస్తు జగదీశ్వర్ జమ్మి ఆకు చేతిలో పెట్టాడు.

రాజలింగం చూపు మాత్రం అతను దిగిన బండి మీదే ఉంది. వారం కింద తాను కొనబోయిన పాత రాజ్‌దూత్! ఆ రోజు పది కిక్కులు కొట్టినా స్టార్ట్ కాకపోతే, "ఇంజను ఖతమైందిరా, కొత్తది తీస్కో" అన్నది ఈ జగదీశ్వరే. ఆ మాట నమ్మే రాజలింగం చౌకలో వచ్చే దాన్ని వదిలేసి, అప్పు చేసి కొత్త బండి కొన్నాడు.

"ఇంజను జేయించినవా?"

"ఏం లేదురా. ప్లగ్గు వైరు ఊడింది, గంతే."

"ఎప్పుడు జూసినవ్?"

"నువ్వు కిక్కులు కొడుతుంటెనే..." జగదీశ్వర్ నాలుక కరుచుకుని, అలాయ్‌బలాయ్‌కి చేతులు చాపాడు.

రాజలింగం ఆ జమ్మి ఆకును అతని జేబులోనే పెట్టాడు.

"గిది గూడ నువ్వే ఉంచుకో."