నిండు సిగ్నల్

"మీ నాయన ఆ పక్కకే గదరా పోయినాడు!" ఎలీషబా చేతిలోని చాట కింద పడేసింది. బియ్యం వాకిలంతా చిందాయి.

క్రాంతి కుమార్ ఫోనులోంచి తలెత్తలేదు. తెర మీద, వాగు దాటే చోట చిరుతపులి నీళ్ళు తాగుతోంది. నాలుక నీటికి తగిలినప్పుడల్లా లేస్తున్న అలలు కూడా తెలుస్తున్నాయి.

ఈ మధ్య మందలోంచి మేకలు మాయమవుతుంటే, అతనే అడవి అంచున, వాగు ఒడ్డున ఒక చెట్టుకు సిమ్ కార్డు కెమెరా కట్టి వచ్చాడు. అక్కడ ఏది కదిలినా ఇక్కడ ఫోను మోగుతుంది. తెర మీద వేలు జరిపితే అక్కడ కెమెరా తల తిప్పుతుంది. రాచర్ల రోడ్డులో ఫైవ్ జీ టవర్ లేవడంతోనే ఈ వైభోగం.

"చూస్తా కూచుంటావేందిరా? ఫోన్ జెయ్ నాయనకు!"

చేశాడు. అందుబాటులో లేదంది ఫోనులోని ఆడగొంతు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే గొంతు. నాయన సామ్యేలుది మీటల ఫోను. పాతది తీసేసి కొత్త టవర్ పెట్టిన దగ్గర్నుంచి అలాంటి పాత ఫోన్లకు ఊళ్ళోనే సిగ్నల్ అంతంత మాత్రం. కొండవైపు అసలే లేదు.

"మార్చుకో నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా? ఆ డబ్బా ఫోన్‌ని వదల్లేదు గదా!"

"ఆ డబ్బా ఫోన్లోనే రా, మొన్నటిదాంక గుట్ట మీది నుంచి నాతో మాట్లాడినాడు. ఇప్పుడు పులి మీసాలు గూడ కనపడబట్టె, మనిషి గొంతు రాకపాయె. ఏం టవర్ రా ఇది?"

"అది లేకుంటే పులి వచ్చిన సంగతే తెలీదు గదమ్మా!" అంటూనే క్రాంతి బండి తీశాడు.

ఊరు దాటి కంది చేలల్లోకి దిగేసరికి బొమ్మ బిగుసుకుపోయింది. ఈ కొత్త సిగ్నల్‌తో అదే తంటా. అందిన చోట వరదలా వస్తుంది. పల్లంలోకి దిగినా, నాలుగు చెట్లు అడ్డమొచ్చినా చటుక్కున ఆగిపోతుంది. బండి ఆపి, గట్టెక్కి, ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏంది క్రాంతీ, దేవుడికి చూపిస్తుండావా ఫోన్‌ని?" చేలో పని చేసుకుంటున్న గోవర్ధన్ నవ్వాడు.

"మామా, మా నాయన కనపడినాడా? వాగు కాడికి పులి వచ్చింది."

గోవర్ధన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "మేకల్ని తోలుకొని గుట్టెక్కినాడే. మళ్ళా దిగాలంటే ఆ వాగు దోవ ఒకటే."

"అందుకే పోతుండా."

"ఒక్కడివే పోబాకు. నలుగుర్ని పిలుస్తా. డప్పు తెప్పిస్తా. రవ్వంతసేపు ఆగు."

"ఈ లోపల నాయన దిగితే?"

బొమ్మ మళ్ళీ కదిలింది. క్రాంతి వేలితో కెమెరాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నీళ్ళు, రాళ్ళు, రెల్లుగడ్డి. పులి లేదు.

"పోయింది మామా, చూడు! ఇది చేతిలో ఉంటే ముందరే మనిషిని పంపించి చూసినట్టు గదా."

"కనపడలేదంటే పోయినట్టు కాదురా," అన్నాడు గోవర్ధన్. అప్పటికే బండి కదిలింది.

రాళ్ళదారి మొదలయ్యే చోట బండి ఆపి నడిచాడు. పొద్దు గుట్ట వెనక్కి జారుతోంది. ఎప్పుడూ గోలగోలగా ఉండే చోట ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. చెప్పులు చేతపట్టుకుని, మోకాలిలోతు నీళ్ళలో వాగు దాటాడు. నీళ్ళ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు.

"నాయనా!"

పైనుంచి మేకల మెడగంటలు వినిపించాయి. తర్వాత బండరాయి మీద నాయన కనిపించాడు. నిక్షేపంగా ఉన్నాడు, ఏమీ కాలేదు. క్రాంతికి ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దిగబాకు నాయనా! ఆడనే ఉండు! పులి తిరుగుతాంది!"

సామ్యేలు తలగుడ్డ విప్పి విసురుతూ ఏదో అరుస్తున్నాడు. ఎదురుగాలికి మాటలు ముక్కలుముక్కలుగా తెగిపోతున్నాయి. చేతులు రెండూ ఊపుతున్నాడు. గొంతు చించుకుంటున్నాడు.

"వినపడలే! నువ్వు కదలబాకు! యాడుందో చూసి చెప్తా!"

క్రాంతి ఫోను తీశాడు. ఇక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. వేలు తగలగానే బొమ్మ విచ్చుకుంది.

పులి ఉంది. రెల్లుగడ్డిలో పొట్ట నేలకు ఆనించి, చెవులు వెనక్కి వంచుకుని, దేన్నో చూస్తూ ఉంది. తోక కొస మాత్రం కదులుతోంది. కెమెరా ఏ పక్కకు తిరిగి ఉందో అతనికి అంతుపట్టలేదు. ఏ మేకపిల్ల తప్పిపోయి వచ్చిందోననుకుని, పులి చూస్తున్న వైపుకు మెల్లగా వేలు జరిపాడు.

మేక కాదు, మనిషి. నాలుగు బారల దూరంలో, పులికి వీపు పెట్టి, మెడ వంచుకుని ఫోనులోకి చూస్తున్నాడు.

"ఎవుడ్రా ఈ మతిలేనోడు!" అనుకున్నాడు క్రాంతి. హెచ్చరిద్దామని చెయ్యి పైకెత్తి కేకేయబోయాడు.

తెర మీది మనిషి కూడా చెయ్యి పైకెత్తాడు.