చేత్తోనే తినాలి

చేపను ఉడికించకుండా పెట్టేవాడు వంటవాడెలా అవుతాడో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ మా అమ్మాయి చేసుకుంటానన్నవాడు సుషీ వంటవాడే. చూద్దామని వెళ్లి, అతని బల్ల ముందు అమ్మాయి పక్కన కూర్చున్నాను.

నా భయం పచ్చి చేప గురించి కాదు. కొన్నాళ్లుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. అమ్మాయికి తెలిస్తే పెళ్లి మానేసి నాకు కాపలా కూర్చుంటుంది, అంత మొండిది. అందుకే చెయ్యి జేబులో దాచాను.

ఎదురుగా తినడానికి చాప్‌స్టిక్స్ ఉన్నాయి, రెండు సన్నని పుల్లలు.

"తిను నాన్నా, చూస్తావేంటి?"

అతను చటుక్కున నా ముందున్న పుల్లలు తీసేశాడు. "సుషీ చేత్తోనే తినాలండీ మామయ్యగారూ. ఏ చెయ్యైనా ఒకటే. సోయా సాస్‌లో ముంచితే అన్నం విడిపోతుంది, అందుకే చేప మీద నేనే రాశాను. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోండి."

"మరి నాకు పుల్లలెందుకు?" అంది అమ్మాయి.

"నీకు నేర్పడానికి పడ్డ పాట్లు వృథా చేసుకోమంటావా?"

నా ఎడమ అరచేతిలో ముద్ద పెట్టాడు. చల్లని చేప కింద గోరువెచ్చని అన్నం. బాగానే ఉంది, ఏం చేస్తాం.

అమ్మాయి చేతులు కడుక్కోవడానికి లేవగానే అతను ముందుకు వంగాడు.

"వచ్చినప్పుడే చూశానండీ. ఈ పూటకి కాపాడాను. రేపు తను అడిగితే అబద్ధం చెప్పలేను. మీరే చెప్పెయ్యండి."

"చెబితే పెళ్లి మానేస్తుందయ్యా."

"మానేస్తే మానెయ్యనివ్వండి."

అమ్మాయి తిరిగొచ్చింది. "ఎలా ఉంది నాన్నా?"

"ఇంకోటి పెట్టమను," అంటూ జేబులోంచి కుడిచెయ్యి తీసి అతని ముందుకు చాచాను.